హైదరాబాద్ నేలలో ఎముక కరిగిపోతుంది, కుండ మిగులుతుంది

పిల్లలు అమెరికాలో ఉన్న ఇంట్లో పెద్దవాళ్లు పోతే హైదరాబాద్‌లో ముందుగా వెళ్లే ఫోన్లలో ఒకటి ఫ్రీజర్ బాక్స్ కోసం. వ్యాన్‌లో తెచ్చి, హాల్లో పెట్టి, ప్లగ్ తగిలించి వెళ్తారు. కొడుకో కూతురో విమానం దిగేదాకా రెండు మూడు రోజులు గడపడానికి అది చాలు. ఆ మధ్యలో కరెంటు పోతే ఇంట్లోవాళ్లకు ఎంత టెన్షన్ పడుతుందో చూసినవాళ్లకు తెలుసు. ఎండాకాలంలో ఈ ఊళ్లో పార్థివదేహాన్ని ఒక్క పూట ఉంచడం కూడా కష్టమే.

ఎందుకు కష్టం? ప్రాణం పోయాక శరీరాన్ని కరిగించే పని లోపలి నుంచే మొదలవుతుంది. ఆక్సిజన్ అందని కణాలు పగిలి, వాటిలోని ఎంజైములు పక్కనున్న కణజాలాన్నే జీర్ణం చేస్తాయి. పేగుల్లో జీవితాంతం అదుపులో ఉన్న బ్యాక్టీరియాకు ఇక అడ్డు ఉండదు. ఆ తర్వాత బయటి నుంచి ఈగలు, పురుగులు, నేలలోని సూక్ష్మజీవులు వస్తాయి. వీటన్నిటికీ నీరు కావాలి, గోరువెచ్చని వేడి కావాలి, చాలావాటికి గాలి కూడా కావాలి. వీటిలో ఏ ఒక్కటి గట్టిగా తగ్గినా పని నెమ్మదిస్తుంది. ఫ్రీజర్ బాక్స్ వేడిని తగ్గిస్తుంది, అంతే. మనిషి అవశేషాలు వేల ఏళ్లు నిలిచిన ప్రతిచోటా, ఎవరో పూనుకునో ప్రకృతిలో అనుకోకుండానో, ఈ మూడింటిలో ఏదో ఒకటి తెగిపోయి ఉంటుంది. దక్కన్‌లో మామూలుగా ఏదీ తెగదు. ఇక్కడి పూర్వీకుల గురించి తెలిసింది కొంచెమే కావడానికి, ఆ కొంచెం కూడా శరీరాల నుంచి కాక వాటి చుట్టూ పెట్టిన వస్తువుల నుంచి రావడానికి కారణం అదే.

విచిత్రం ఏమిటంటే, నగరంలో అందరికంటే బాగా నిలిచిన ప్రాచీన శరీరం ఈ నేలది కాదు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో ఉన్న నైషు అనే ఈజిప్టు యువతి మమ్మీ రెండు వేల ఏళ్లకు పైబడినది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ 1920 ప్రాంతంలో దాన్ని వెయ్యి పౌండ్లకు కొన్నారని, ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌కు కానుకగా ఇచ్చారని, ఆయన 1930లో మ్యూజియానికి అప్పగించారని చెబుతారు. ఫారో కూతురన్న మాట కూడా వినబడుతుంది. రాచకుమార్తె అంటే చూసేవాళ్లు మరో నిమిషం ఎక్కువ నిలబడతారు కాబట్టి ఆ మాట అంత తొందరగా పోదు.

ఈజిప్టు వాళ్లు తీసేసింది నీటిని. మెత్తటి అవయవాలను ముందే బయటికి తీసి, శరీరాన్ని నేట్రాన్‌లో కప్పి ఉంచేవారు. ఎండిన చెరువుల అడుగున దొరికే ఆ ఉప్పులో ముఖ్యంగా ఉండేవి బట్టల సోడా, వంట సోడా. ఎండు చేపకు ఉప్పు చేసే పనే అది ఇక్కడా చేస్తుంది: కండలోని తేమను లాగేసి బ్యాక్టీరియాకు నీళ్లు లేకుండా చేస్తుంది, పైగా కొవ్వును సబ్బుగా మారుస్తుంది. మొత్తం 70 రోజుల కార్యక్రమంలో దాదాపు 40 రోజులు ఈ ఎండబెట్టడానికే పోయేవి. ఆ తర్వాత జిగురు పూత, నార గుడ్డ చుట్లు. అక్కడి ఎడారి గాలి మిగతా పని చూసుకుంది.

అలా ఎండిన శరీరాన్ని వానాకాలంలో చెమ్మ నిండే ఊరికి తెస్తే ఏమవుతుంది? ఎండిన కణజాలం గాల్లోని తేమను మళ్లీ పీల్చుకుంటుంది, దాని వెనకే బూజు, పురుగు వస్తాయి. దశాబ్దాల పాటు మామూలు అద్దాల పెట్టెలో ఉన్న నైషు విషయంలో కూడా ఆ ఆందోళన తలెత్తింది. 2016లో ఎక్స్‌రే, సీటీ స్కాన్ తీసి, గుడ్డ చుట్లు విప్పకుండానే లోపలి ఎముకల పరిస్థితి చూశారు. ఆ తర్వాత ఆక్సిజన్ లేకుండా నైట్రోజన్ నింపి మూసిన పెట్టెలో ఉంచారు. నైట్రోజన్‌లో పురుగు బతకదు, గుడ్డ రంగు మారడమూ నెమ్మదిస్తుంది. ఈజిప్టులో ఎడారి ఊరికే చేసిపెట్టిన పనిని ఇక్కడ యంత్రాలు చేయాలి. పెట్టె సీలు, లోపలి తేమ ఎప్పటికప్పుడు ఎవరో ఒకరు చూసుకుంటూనే ఉండాలి.

ప్రకృతి తనంతట తానే చేసిన ఏర్పాట్లు వేరే దేశాల్లో చాలా ఉన్నాయి. 1991లో ఆల్ప్స్ మంచులో బయటపడ్డ ఓట్జీ సుమారు 5,300 ఏళ్ల నాటివాడు. అక్కడ తగ్గింది వేడి. 1950లో డెన్మార్క్ బురదనేలలో దొరికిన టొల్లుండ్ మనిషి మరీ ఆసక్తికరం. నాచుతో నిండిన ఆ పుల్లటి నీటిలో ఆక్సిజన్ లేదు. చర్మం తోలుగా ఊరి ముఖంమీది ముడతలు, గడ్డం మొలకలు కూడా మిగిలాయి. అదే పులుపు ఎముకల్లోని సున్నాన్ని తినేస్తుంది. అంటే ఒక భాగాన్ని కాపాడిన రసాయనమే మరో భాగాన్ని చెరిపేయగలదు. దక్కన్ సమాధులను అర్థం చేసుకోవడానికి ఈ మెలిక గుర్తుండాలి.

హైదరాబాద్ చుట్టుపక్కల ఇనుప యుగపు సమాధులు ఎన్నో. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో, బోయిన్‌పల్లి దగ్గర హష్మత్‌పేటలో, మౌలాలీలో ఇవి కనబడ్డాయి. గుండ్రంగా పేర్చిన పెద్ద రాళ్లు, మధ్యలో గుంత, గుంతలో గ్రానైట్ పలకలతో కట్టిన పెట్టెలాంటి గది, దానిపై కప్పుబండ. ఊళ్లలో వీటిని రాక్షస గుళ్లు అంటారు. అంత రాయి ఎత్తడం మనుషుల వల్ల ఎలా అవుతుందన్న ప్రశ్నకు జనం చెప్పుకున్న జవాబు ఆ పేరులోనే ఉంది. సిద్దిపేట జిల్లా నర్మెట్టలో 2017లో రాష్ట్ర పురావస్తు శాఖ తవ్విన సమాధిపై ఉన్న కప్పుబండ 40 టన్నులకు పైనే. దాన్ని లేపడానికి క్రేన్ కావాల్సి వచ్చింది.

అంత కష్టపడి కట్టిన గదిలో చాలాసార్లు దొరికేది కుండలు, ఇనుప కత్తులు, బాణం ములుకులు, గుప్పెడు ఎముక ముక్కలు. కొన్నిటిలో ఆ ముక్కలు కూడా ఉండవు. దీనికి కారణాలు రెండు. ఆ రెండూ ఒకదానికొకటి సంబంధం లేనివి కాబట్టి కలిపేయకూడదు.

ఒకటి ఆచారం. అప్పట్లో చాలామందిని నేరుగా సమాధి చేయలేదు. శరీరాన్ని వేరేచోట ఉంచి, మాంసం పోయాక ఏరిన కొన్ని ఎముకలనే తెచ్చి గదిలో పెట్టారు. కాబట్టి కొన్ని సమాధుల్లో మొదటినుంచీ పూర్తి అస్థిపంజరం లేదు.

రెండోది నేల. హైదరాబాద్ కూర్చున్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ మీద. అది పగిలి మొరం అవుతుంది, మొరం అరిగి ఎర్ర చల్క నేల అవుతుంది. ఎముక బరువులో దాదాపు మూడింట రెండు వంతులు కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజం, మిగతాది ఎక్కువగా కొల్లాజెన్ అనే ప్రొటీన్. గ్రానైట్ నేలలో సున్నం తక్కువ. వాన నీరు గాల్లోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కొద్దిగా పుల్లగా దిగుతుంది. ఇసుకపాలు ఎక్కువున్న ఆ మట్టిలో నీరు ఆగదు, దిగిపోతూ ప్రతిసారీ కాస్త ఖనిజాన్ని తీసుకుపోతుంది. పైగా నాలుగు నెలలు తడి, ఎనిమిది నెలలు ఎండ. ఎప్పుడూ తడిగా ఉండే చోటా, ఎప్పుడూ పొడిగా ఉండే చోటా ఎముక నిలుస్తుంది గానీ ఈ ఉబ్బడం, ఎండడం మూడు వేల సార్లు జరిగితే పగలక తప్పదు. నల్లరేగడిలో సున్నం ఎక్కువ కాబట్టి రసాయనం కొంత మేలు. కానీ అది వేసవిలో నెర్రెలు విచ్చి, వానలకు ఉబ్బి, లోపలున్నదాన్ని నలిపేస్తుంది.

ఎముక పోయే ఆ నేలలోనే కుండ నిలుస్తుంది. ఒకసారి కాల్చిన బంకమట్టిని ఏ బ్యాక్టీరియా తినదు, వాన కరిగించదు. లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న ఆ యుగపు కుండల్లో కాల్చిన తీరు ఇప్పటికీ చదవవచ్చు. బోర్లించి కాల్చినప్పుడు గాలి ఆడని లోపలి భాగం నల్లబడింది, మంట తగిలిన బయటి భాగం ఎర్రబడింది. తడి మట్టిని నొక్కిన వేలి గుర్తు దానిమీద పడి ఉంటే అదీ అలాగే గట్టిపడిపోతుంది. ఆ చేతి ఎముక ఎక్కడో కరిగిపోయి ఉంటుంది. కుండ చివరిసారి ఎప్పుడు కాలిందో చెప్పే పద్ధతి కూడా ఒకటుంది: మట్టిలోని స్ఫటికాల్లో ఏటేటా పేరుకునే శక్తిని కాంతిగా బయటికి రప్పించి కొలుస్తారు. గచ్చిబౌలి తవ్వకాల్లోని ఇనుము క్రీస్తుపూర్వం 2000 కంటే పాతదన్న అంచనా ఇలాంటి కొలతలతో వచ్చిందే. అది చాలా పెద్ద మాట. మరిన్ని చోట్ల అదే ఫలితం వచ్చేదాకా ఆచితూచి పట్టుకోవడమే మంచిది.

నల్లగొండ వైపు నేల ఇంకో సంగతి నేర్పుతుంది. భూగర్భ జలంలోని ఫ్లోరైడ్ బతికున్నవాళ్ల ఎముకలోకి దిగి నడుం వంచేసిన జిల్లా అది. ఈ జబ్బును మన దేశంలో మొదట నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. అదే ఫ్లోరైడ్, పాతిపెట్టిన ఎముకలోకి కూడా నీటితో పాటు చేరుతుంది. ఎక్కువ కాలం ఉన్నకొద్దీ ఎక్కువ చేరుతుంది కాబట్టి ఒకేచోట దొరికిన రెండు ఎముకలు ఒకే కాలానివా కావా అని తేల్చడానికి దీన్ని వాడారు. ఇంగ్లండ్‌లో పిల్ట్‌డౌన్ పుర్రె నకిలీ అని 1953లో బయటపడటానికి మొదటి అనుమానం ఈ పరీక్షతోనే వచ్చింది. ఫ్లోరైడ్ చేరిన ఖనిజం మామూలు ఎముక ఖనిజం కంటే తక్కువగా కరుగుతుంది కూడా. బతికుండగా మనిషిని కుంగదీసినదే చనిపోయాక ఎముకకు కాస్త కాపు కాస్తుందన్నమాట. నల్లగొండలో ఒక పాత ఎముక దొరికితే అందులోని ఫ్లోరైడ్ తాగిన నీటి నుంచి వచ్చిందా, నాని ఉన్న నీటి నుంచి వచ్చిందా అని విడదీయడం తలనొప్పి వ్యవహారం.

ఇక దహనం. కట్టెల చితిలో వేడి 700 డిగ్రీలు సులువుగా దాటుతుంది. కొల్లాజెన్, డీఎన్ఏ కాలిపోతాయి. ఖనిజం మాత్రం కరిగి పోదు, దాని స్ఫటికాలు పెద్దవై బిగుసుకుంటాయి. తెల్లగా కాలిన ఎముక చేత్తో నలిపితే విరుగుతుంది గానీ పుల్లటి నేలలో పచ్చి ఎముక కంటే బాగా నిలుస్తుంది. నిప్పు సమస్తాన్నీ చెరిపేస్తుందన్న నమ్మకం అందుకే సగమే నిజం. మన దగ్గర అవశేషం మిగలకుండా చేసేది నిప్పు కంటే ఎక్కువగా నీళ్లు. అస్థికలు ఏరి బాసరకో, కాళేశ్వరానికో, బీచుపల్లికో తీసుకెళ్లి నదిలో కలిపేస్తాం. ఖననం చేసే ఇళ్ల సంగతి వేరు. లింగాయతులు, ముస్లింలు, క్రైస్తవులు, తెలుగు కులాల్లో అనేకం నేలకే అప్పగిస్తాయి. అక్కడ పైన చెప్పిన చల్క నేల లెక్కే వర్తిస్తుంది. గోల్కొండ పక్కన కుతుబ్‌షాహీ సమాధుల్లో గుమ్మటం కింద కనబడే నల్లరాతి సమాధి గుర్తు మాత్రమే, అసలు సమాధి దానికి కింద నేలలో ఉంటుంది. రాతిమీద చెక్కిన పేరు, తేదీ నాలుగు వందల ఏళ్లుగా చదవడానికి వీలుగా ఉన్నాయి. శరీరం గురించి అలా చెప్పలేం.

ఎముక మిగిలినా అందులో డీఎన్ఏ మిగలాలని లేదు. ఇక్కడ హైదరాబాద్ పాత్ర మారుతుంది. అవశేషాలను సరిగా దాచలేని ఈ ఊరే వాటిని చదవడంలో దేశంలో ముందువరుసలో ఉంది. హబ్సిగూడలోని సీసీఎంబీ (కణ, అణుజీవశాస్త్ర పరిశోధన కేంద్రం)లో లాల్‌జీ సింగ్ బృందం 1980ల చివర్లోనే డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్‌ను కోర్టులకు పనికొచ్చేలా చేసింది. ఆ తర్వాత అదే సంస్థ ప్రాచీన డీఎన్ఏ వైపు నడిచింది.

న్యూజిలాండ్‌లో అంతరించిన మోవా పక్షి ఎముకలపై 2012లో వచ్చిన పరిశోధన ప్రకారం, 13 డిగ్రీల చలిలో 242 అక్షరాల పొడవున్న డీఎన్ఏ ముక్కల్లో సగం తెగిపోవడానికి సుమారు 521 ఏళ్లు పడుతుంది. వేడి పెరిగితే ఆ వేగం ఎన్నో రెట్లవుతుంది. హైదరాబాద్ సగటు ఉష్ణోగ్రత దాదాపు దానికి రెట్టింపు. హరియాణాలో సింధు నాగరికత నాటి రాఖీగఢీలో 60కి పైగా నమూనాలు చూస్తే పనికొచ్చే డీఎన్ఏ ఒక్క స్త్రీ నుంచే వచ్చింది. అదీ చెవి లోపలి భాగాన్ని చుట్టి ఉండే, శరీరంలోకెల్లా గట్టిదైన కపాలపు ఎముక నుంచి. 2019లో వెలువడ్డ ఆ ఫలితం గురించి వార్తల్లో జరిగిన గొడవంతా ఆర్యుల వలసల మీదే నడిచింది. మిగతా నమూనాలన్నీ ఎందుకు విఫలమయ్యాయన్నది దాదాపు ఎవరికీ పట్టలేదు. నర్మెట్ట ఎముకల నుంచి కూడా నమూనాలు సీసీఎంబీకి వెళ్లాయి. దక్కన్ ఎముక నుంచి డీఎన్ఏ రాబట్టడం ఎంత కష్టమో పై లెక్కే చెబుతుంది.

చలిలో కథ పూర్తిగా వేరు. ఉత్తరాఖండ్‌లో ఐదు వేల మీటర్ల ఎత్తున ఉన్న రూప్‌కుండ్ సరస్సు ఎముకల్లో 38 మందివి సీసీఎంబీ భాగస్వామ్యంతో పరీక్షించి 2019లో ప్రచురించారు. ఒకే వడగళ్ల తుపానులో అందరూ పోయారని చెప్పుకున్న కథ అక్కడితో తెగిపోయింది. 23 మంది భారత ఉపఖండపు మూలాలవారు, 14 మంది తూర్పు మధ్యధరా ప్రాంతంవారు, ఒకరు ఆగ్నేయాసియావారు. మొదటి గుంపు సుమారు 1,200 ఏళ్ల కిందటిది, మిగతావారు కేవలం 200 ఏళ్ల కిందటివారు. గ్రీకు దీవుల వైపు మనుషులు ఆ కొండమీద ఏం చేస్తున్నారో డీఎన్ఏ చెప్పదు. అది ఎవరన్నది చెబుతుంది గానీ ఎందుకన్నది దాని పని కాదు.

పంజాబ్‌లోని అజ్‌నాలా బావి ఇంకో రకం. 1857లో చంపి పడేసిన 26వ నేటివ్ ఇన్‌ఫాంట్రీ సిపాయిలవని కొందరు, 1947 విభజన మృతులవని కొందరు వాదించిన ఎముకలు 2014లో బయటికొచ్చాయి. పళ్లలోని డీఎన్ఏ, ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు) పంజాబ్‌ను కాక గంగా మైదానాన్ని చూపించాయి. సీసీఎంబీ పాల్గొన్న ఆ అధ్యయనం 2022లో వచ్చింది. అంతకుముందు 2013లో, గోవాలో పాత చర్చి శిథిలాల్లో దొరికిన ఒక ఎముక 1624లో చంపబడ్డ జార్జియా రాణి కెటెవాన్‌ది కావచ్చని ఇదే ల్యాబ్ చూపింది. దాంట్లోని తల్లివైపు వంశపు గుర్తు జార్జియాలో ఉంది, పోల్చి చూసిన వేలాది భారతీయుల్లో లేదు. 2021లో భారత్ ఆ ఎముకను జార్జియాకు అప్పగించింది.

ఐసోటోపుల పద్ధతి మన ప్రాంతానికి ప్రత్యేకంగా పనికొస్తుంది. పంటి పైపొర చిన్నతనంలో కట్టుకుంటుంది, ఆపైన మారదు. అందులో దాదాపు 96 శాతం ఖనిజమే కాబట్టి ఎముక పోయినా పన్ను తరచూ మిగులుతుంది. తిన్న తిండి, తాగిన నీటి ద్వారా ఆ ప్రాంతపు రాతిలోని స్ట్రాన్షియం అందులో చేరుతుంది. పాత గ్రానైట్‌లో రుబిడియం క్షీణించి స్ట్రాన్షియం 87 పేరుకుని ఉంటుంది, లావా చల్లబడ్డ దక్కన్ నల్లరాతిలో తక్కువ. హైదరాబాద్ గ్రానైట్ మీద ఉంటే, పడమర వికారాబాద్ దాటాక నల్లరాయి మొదలవుతుంది. కాబట్టి గచ్చిబౌలి సమాధిలో ఒక పన్ను దొరికితే, ఆ మనిషి పుట్టి పెరిగింది ఇక్కడేనా లేక బీదర్ వైపు నుంచి వచ్చాడా అన్న ప్రశ్న డీఎన్ఏ లేకుండానే అడగవచ్చు. ఒక్క పన్ను. జేసీబీ బకెట్‌లో అది కనబడదు.

శరీరంలో ఏ భాగమూ లేకుండా మిగిలే ఆనవాళ్లు కూడా ఉన్నాయి, కొన్ని ఎముకల కంటే బాగా మాట్లాడతాయి. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్విన బూడిద దిబ్బలో నవీన శిలాయుగపు పశువుల గిట్టల ముద్రలు బయటపడ్డాయి. మంద తొక్కిన నేల మీద పేడ కాలి బూడిద కప్పడంతో అవి అచ్చు పోసినట్టు ఉండిపోయాయి. నంద్యాల దగ్గర జ్వాలాపురంలో సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలో పేలిన టోబా అగ్నిపర్వతపు బూడిద పొర ఉంది. దానికి కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయని 2007లో ప్రకటించారు. ఆ పనిముట్లు ఎవరు చేశారో చెప్పడానికి అక్కడ ఆ కాలపు ఎముక ఒక్కటీ లేదు. మొత్తం దేశంలోనే ప్రాచీన మానవ శిలాజం అనదగ్గది ప్రధానంగా 1982లో నర్మద ఒడ్డున హత్నోరాలో దొరికిన పుర్రె కప్పు. వంద మంది పాఠ్యపుస్తకాల్లో చదివే ‘ఆదిమానవుడి’ వెనక ఇంత తక్కువ సామగ్రి ఉంది.

నేల మూడు వేల ఏళ్లలో చేసిన నష్టాన్ని పునాది గుంత ఒక మధ్యాహ్నంలో మించిపోతుంది. గుంతలో బంగారం ఉంటే ఏం చేయాలో చట్టానికి స్పష్టంగా తెలుసు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ ఉన్నదేదైనా కలెక్టర్‌కు చెప్పాల్సిందే. ఎముకకు, పెంకుకు మార్కెట్‌లో వెల లేదు, కాబట్టి కూలీ పక్కన పారేస్తాడు, మేస్త్రీ చూడనట్టు ఊరుకుంటాడు. పని ఆగితే రోజుకు ఎంత పోతుందో బిల్డర్‌కు తెలుసు. 2017లో వచ్చిన తెలంగాణ వారసత్వ చట్టం గుర్తించిన స్థలాలకు రక్షణ ఇస్తుంది. గుర్తించని స్థలం బయటపడేదే తవ్వినప్పుడు, అప్పటికి ఆలస్యం అవుతుంది.

ఎముక బయటపడితే మొదట చెప్పాల్సింది పోలీసులకే, అది నిన్నటిదీ కావచ్చు. తాజా ఎముకను అడ్డంగా కోసి అతినీలలోహిత కాంతిలో చూస్తే నీలంగా మెరుస్తుంది, ఏళ్లు గడిచేకొద్దీ ఆ మెరుపు తగ్గుతుంది. ఇంకా కచ్చితమైన గీత అణుపరీక్షలు గీశాయి. గాల్లో అణుపరీక్షలను నిషేధించిన 1963 ఒప్పందానికి ముందు జరిపిన పేలుళ్లతో వాతావరణంలో కార్బన్ 14 దాదాపు రెట్టింపైంది. ఆ పేలుళ్లు మొదలయ్యాక పుట్టినవారి పళ్లలో ఆ ఎక్కువ పాలు కనబడుతుంది, పుట్టిన సంవత్సరాన్ని ఒకటి రెండేళ్ల తేడాతో చెప్పేంతగా. పోలీసు కేసు కాదని తేలితే తర్వాతి ఫోన్ పురావస్తు శాఖకు. ఈలోగా నీళ్లతో కడగకూడదు, బ్రష్‌తో రుద్దకూడదు, వట్టి చేత్తో ముట్టుకోకూడదు. మనిషి చెమటలోని తాజా డీఎన్ఏ ముందు పాతది కనబడకుండా పోతుంది. ఉన్నచోటే ఫొటో తీసి, పక్కనున్న కుండ పెంకులను కదపకుండా, ఎండ తగలకుండా కప్పి ఉంచాలి. పుర్రె అయితే చెవి దగ్గరి గట్టి ఎముకను, దవడలో మిగిలిన పళ్లను ఎవరూ గుర్తుగా ఇంటికి పట్టుకుపోకుండా చూడాలి.